నేతి గరిటె

మా ఇంట్లో ఆ మెస్సు మాటెత్తితే రెండు పార్టీలవుతాయి. ఒక పక్క నేనూ, నా పాత రూమ్మేటూ. రెండో పక్క మా ఆవిడ, మా బావ, వాళ్ళు చెప్పగా విన్న బంధువులందరూ. ఇన్నేళ్ళలో మా పార్టీలో కొత్తగా ఒక్కరూ చేరలేదు.

పేరు చెప్పను. చెన్నై టి.నగర్‌లో, ఉస్మాన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే వీధుల్లో ఒకదాంట్లో ఉంటుంది, అంతే. మద్రాసులో చదువుకున్న నెల్లూరు, ఒంగోలు వాళ్ళు కొందరు ఈపాటికే ఇదేదో ఫలానా మెస్సు అని నిర్ణయించేసుకుని ఉంటారు. అనుకున్నా నష్టం లేదు. ఆ రోజుల్లో అన్నీ ఇంచుమించు ఒకలాగే ఉండేవి. రాతి బల్లలు, ఇనుప కుర్చీలు, గోడ మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు, గల్లాపెట్టె పక్కన సోంపు ప్లేటు.

నేను కావలి నుంచి 1994 జూన్‌లో వచ్చాను, సీఏ ఆర్టికల్స్ చేయడానికి, అంటే ఆడిటరు దగ్గర శిక్షణకి. సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి, పార్క్ స్టేషన్‌లో ఎలక్ట్రిక్ ట్రైన్ ఎక్కి మాంబళంలో దిగడం. అక్కణ్ణించి రంగనాథన్ వీధిలో జనమే మనల్ని మోసుకెళ్ళి ఉస్మాన్ రోడ్డులో పడేస్తారు, మన కాళ్ళతో పనుండదు. మొదటి వారం ఆఫీసు పక్కనున్న హోటల్లో తిన్నాను. అక్కడ ఉప్పుడు బియ్యం అన్నం. వాళ్ళు పుళుంగల్ అరిసి అంటారు. గింజ లావుగా, పక్కగింజతో మాటల్లేనట్టు ఉంటుంది. పప్పు కలిపితే కలవదు. అది తిని పెరిగినవాళ్ళకి అదే రుచి, కాదనను. మా ఇంట్లో మాత్రం ఉప్పుడు బియ్యం ఇడ్లీకి నానబోయడమే తప్ప అన్నంగా వండిన పాపాన పోలేదు. టిఫిన్ల సంగతిలో మద్రాసుకి వంక పెట్టే ధైర్యం నాకు లేదు. ట్రిప్లికేన్‌లో 1948 నుంచి ఉన్న రత్నా కేఫ్‌కి ఆదివారం పొద్దున నడిచి వెళ్ళేవాళ్ళం. ఇడ్లీ మునిగేదాకా సాంబారు పోస్తారు, స్పూనుతో తవ్వుకుని తినాలి. కానీ మధ్యాహ్నం పన్నెండున్నరయ్యేసరికి ప్రాణం ముద్దపప్పు కోసం కొట్టుకునేది.

రూమ్మేటు నన్ను మెస్సుకి తీసుకెళ్ళింది ఎనిమిదోరోజు. అతను అప్పటికే ఏడాది సీనియర్.

అక్కడ లైను ఉండదు. తింటున్నవాడి కుర్చీ వెనకాల వెళ్ళి నిలబడాలి. అతను లేవగానే ఆ కుర్చీ మనది. ఎవరు రసం దాకా వచ్చారో, ఎవరింకా పప్పులోనే ఉన్నారో చూసి కుర్చీ ఎంచుకోవడం ఒక విద్య. నాకా విద్య తెలియక, ఒకాయన లేవగానే ఖాళీ కుర్చీ కనపడింది కదా అని వెళ్ళి కూర్చున్నాను. దాని వెనక పావుగంట నుంచి నిలబడ్డ మనిషి ‘ఓయ్’ అన్నాడు. గల్లాపెట్టె దగ్గర్నుంచి ఓనరు, అంటే పెద్దాయన, హాలంతా వినపడేలా అరిచాడు.

“ఏందబ్బాయ్, ఇస్కూల్లో బెంచీ అనుకున్నావా? లేచి ఎనక నిలబడు!”

లేచాను. ఆకలి చచ్చింది. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకూడదనుకున్నాను. పది నిమిషాల తర్వాత ఆకు ముందు కూర్చుని, కందిపొడిలో మొదటి ముద్ద కలుపుకునేసరికి ఆ శపథం ఎటు పోయిందో తెలియదు. పచ్చిబియ్యం అన్నం, పొగలు కక్కుతూ. ముద్దపప్పు, దొండకాయ వేపుడు, వంకాయ పులుసు కూర, గోంగూర, మాగాయ. తరవాత సాంబారు, రసం, గడ్డపెరుగు కాకపోయినా పెరుగనే చెప్పదగ్గ పెరుగు.

మధ్యలో నెయ్యి. నేను చెప్పాలనుకున్నది ఈ నెయ్యి గురించే.

నెయ్యి వేసే మనిషి వేరు. ఉదయగిరి పక్క పల్లెటూరాయన, మేము నేతి అన్న అనేవాళ్ళం. ఎడమ చేతిలో మూత లేని స్టీలు డబ్బా, కుడిచేతిలో పొడవాటి కాడ ఉన్న చిన్న గరిటె. గరిటెని నిండా ముంచి పైకి తీస్తాడు. అన్నం మీదకి వచ్చే ముందు గరిటె అంచుని డబ్బాకి ఒకసారి తాకిస్తాడు. టంగుమని చిన్న చప్పుడు. ఆ తాకించడంలో సగం నెయ్యి వెనక్కి డబ్బాలోకి పోతుంది. మిగిలిన సగం మన ఆకులోకి వస్తుంది. చూసేవాళ్ళకి నిండు గరిటె ముంచినట్టే ఉంటుంది. తినేవాళ్ళకి అన్నంలో ఎక్కడో ఒక మూల తడి తగులుతుంది.

మొదటి నెలంతా నా ఆకు దగ్గర ఆ చప్పుడు వినపడింది. జూలైలో నెల కార్డు తీసుకున్నాను. అట్టముక్క మీద అరవై గళ్ళు, తిన్నప్పుడల్లా పెద్దాయన పంచింగ్ మెషీన్‌తో ఒక గడికి చిల్లు పెడతాడు. ఆగస్టులో ఒకరోజు గరిటె చప్పుడు చేయకుండా నేరుగా వచ్చి నా అన్నం మీద బోర్లా పడింది. నేతి అన్న నా మొహం చూడను కూడా లేదు, పక్క ఆకుకి వెళ్ళిపోయాడు. అక్కడ టంగుమంది. ఆ రోజు సాయంత్రం అమ్మకి ఉత్తరం రాశాను, ఇక్కడ నాకు బాగానే ఉంది, దిగులు పడొద్దు అని.

ఆ తర్వాత మూడేళ్ళు నాకు ఆ మెస్సు ఇల్లే. ఆదివారం ఆలస్యంగా వెళితే వడియాలు దాచి ఉంచేవారు. 1995లో పచ్చకామెర్లు వచ్చి రూములో పడున్నప్పుడు పెద్దాయన పదిహేను రోజులు క్యారియర్ పంపాడు. నూనె చుక్క లేకుండా చారన్నం, మజ్జిగన్నం. కుర్రాడి చేత ‘ఇయ్యి తప్ప ఇంకేం తినొద్దని సెప్పు’ అని కబురు కూడా. కార్డు మీద వాటికి చిల్లులు పెట్టలేదు. ఇలాంటివి ఎవరికి చెప్పినా మా ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంటుంది.

ఆవిడ కారణం ఆవిడకుంది. 1999లో పెళ్ళయిన నెలకి, నా వైభవం చూపిద్దామని ఆదివారం తీసుకెళ్ళాను. నేతి అన్న ఇద్దరికీ నిండు గరిటెలు వేశాడు. నేను గర్వంగా ఆవిడ వైపు చూశాను. ఆవిడ గోంగూరలోంచి ఒక వెంట్రుక పైకి తీస్తోంది. పొడవుగానే ఉంది. పిలిస్తే పెద్దాయనే స్వయంగా వచ్చాడు. వెంట్రుక వంకా, మా ఆవిడ జడ వంకా చూసి, ఎంతో మర్యాదగా అన్నాడు.

“అమ్మా, మా వంటోళ్ళు ముగ్గురూ మొన్ననే కొండకి పోయి గుండు కొట్టించుకోనొచ్చినారు. ఇది మా వంటింట్లో దొరికే సరుకు కాదు.”

చుట్టుపక్కల ఆకుల వాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అదే నేను చేసిన తప్పు. “అయితే నేను హోటలుకొచ్చి తల దువ్వుకున్నానంటారా?” అంది ఆవిడ. “నేనట్టా అన్లేదమ్మా” అని ఆయన వేరే ఆకు వేయించి, వెళ్ళి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. ఆవిడ ఆకు ముట్టలేదు. ఇంటికెళ్ళాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తప్పయిందమ్మా అని ఒక్క మాట అనుంటే సరిపోయేదని ఇప్పటికీ అంటుంది, నిజమే. ఆ రోజు నేను చేతులు కడుక్కునే వంకతో వంటింట్లోకి తొంగిచూశాను. ఇద్దరికి గుండ్లే. మూడోవాడికి మాత్రం మెడ మీద పడే జుట్టు ఉంది, సినిమా వాళ్ళలాగా. ఈ సంగతి మా ఆవిడకి ఇది చదివితేనే తెలుస్తుంది.

బావ కథ చిన్నది. పొదలకూరు దగ్గర సేద్యం, కష్టం చేసే ఒళ్ళు. బోర్డు మీద అన్‌లిమిటెడ్ మీల్స్ అని ఉంది కదా అని మూడోసారి అన్నం అడిగితే, వడ్డించేవాడు వంటింటి వైపు తిరిగి ‘ఇంకో గుండిగ దించండయ్యో’ అని కేకేశాడట. బావ ఆ కేకని ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో అదే రాగంలో వినిపిస్తుంటాడు.

నిజానికి ఆ హాలులో ఏ మధ్యాహ్నం చూసినా నాలుగైదు రకాల జనం ఉండేవారు. మాలాంటి కార్డు వాళ్ళు. నెల్లూరు, చిత్తూరు నుంచి పెళ్ళి చీరలకి వచ్చి, సంచులు కాళ్ళ మధ్య పెట్టుకుని, ఒక మీల్స్‌లో ఇద్దరు పిల్లలకి కలిపి పెట్టే కుటుంబాలు. వీళ్ళంటే సర్వర్లకి పడదు, ‘షేరింగ్ లేదు’ అని మూడు భాషల్లో బోర్డు పెట్టింది వీళ్ళ కోసమే. తెలుగు సినిమా చాలావరకు హైదరాబాదు వెళ్ళిపోయినా ఇక్కడే మిగిలిపోయిన పాత మేకప్‌మన్లు, జూనియర్ ఆర్టిస్టులు ఉండేవారు. వాళ్ళు నెమ్మదిగా తిని, అప్పు రాయించి వెళ్ళేవారు, వాళ్ళని ఎవరూ తొందరపెట్టేవారు కాదు. ఇక ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని వచ్చే ఆస్పత్రి మనుషులు. మా జిల్లాల్లో పెద్ద జబ్బు చేస్తే మద్రాసే కదా. వీళ్ళు ఒకసారి వస్తారు, మళ్ళీ కనపడరు. ఏమీ అడగరు. ఏది వేస్తే అది తిని లేచిపోతారు.

పానగల్ పార్కు అరుగుల మీద కూర్చుని ఒకసారి రూమ్మేటుతో వాదించాను, ఇది మన తెలుగువాళ్ళ పేటరా అని. పార్కు పేరు మద్రాసు ప్రెసిడెన్సీని ఏలిన పానగల్ రాజా రామరాయణింగారుది, పేట పేరు త్యాగరాయశెట్టిది, ఇద్దరూ తెలుగువాళ్ళే. వాడన్నాడు, ‘పేట మనదేరా, కుర్చీ మాత్రం కార్డున్నవాడిది.’ అప్పుడు జోకనుకున్నాను.

లెక్కలు కూడా చూశాను. 1996 చివర్లో సేల్స్‌టాక్స్ నోటీసు వస్తే పెద్దాయన కాగితాలన్నీ బియ్యం గోనెసంచిలో వేసుకుని మా ఆడిటరు గారి దగ్గరికి వచ్చాడు. ఆ సంచి నాకప్పగించారు. ఆ ఏడాదే కూరగాయల టోకు మార్కెట్టు కొత్వాల్ చావడి నుంచి కోయంబేడుకి మారింది. వ్యాను బాడుగ ఖర్చు అక్కణ్ణించి ఎలా పెరిగిందో చీటీల్లోనే కనపడింది. బియ్యం, నూనె, గ్యాసు, ఆకులు, జీతాలు, అద్దె అన్నీ తీసేస్తే ఒక్కో భోజనం మీద మిగిలేది చూసి ఇదేం వ్యాపారం అనిపించింది. పెద్దాయన వేళ్ళ మీద లెక్క చెప్పాడు.

“కుర్చీ మధ్యాన్నం మూడుసార్లు తిరిగితే కర్సులు సామీ. నాలుగోసారి తిరిగితే మా ఇంట్లో పొయ్యి.”

మంచి మాటే అనుకుని రూములో అందరికీ చెప్పాను. ఆ నాలుగోసారి కుర్చీలో ఎవరు కూర్చుంటారన్న ఆలోచన నాకు రాలేదు.

నాన్న 2001 మార్చిలో కళ్ళు చూపించుకోవడానికి వచ్చారు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి దిగి, సంచిలో అమ్మ పంపిన జంతికలు, సున్నుండలు పట్టుకొచ్చారు. మా ఆవిడ పురిటికి విజయవాడ వెళ్ళుంది. నేను మౌంట్ రోడ్డులో ఉద్యోగం, మార్చి నెలాఖరు, ఊపిరాడని పని. మొదటిరోజు సెలవు పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. రెండోరోజు కుదర్లేదు. కళ్ళలో చుక్కలు వేసి, పరీక్ష చేసి, ఒంటిగంటకి వదిలిపెడతారు. ఆటోలో మెస్సు దగ్గర దిగి భోంచేసి, పక్క వీధిలోనే కదా, ఇంటికి నడిచి వెళ్ళమని చెప్పాను.

“గల్లా దగ్గర పెద్దాయనకి నా పేరు చెప్పు నాన్నా. దగ్గరుండి పెట్టిస్తాడు.”

“సరేలే” అన్నారు.

రాత్రి వచ్చి ఎలా ఉందని అడిగాను. “బాగుందిరా. అన్నం వేడిగా ఉంది” అన్నారు. మర్నాడు, ఆ మర్నాడు మాత్రం మెస్సుకి వెళ్ళలేదు. ఒక రోజు జంతికలు, అరటిపళ్ళు. ఇంకో రోజు బండి దగ్గర ఇడ్లీ. కారం పడటం లేదన్నారు. వయసు మీద పడింది కదా, నిజమేననుకున్నాను. నాన్న 2007లో పోయారు.

2012లో కావలిలో మేనల్లుడి ఒడుగు. రాత్రి భోజనాలయ్యాక డాబా మీద బావ మళ్ళీ ‘గుండిగ దించండయ్యో’ రాగం తీశాడు. మా ఆవిడ వెంట్రుక కథ అందుకుంది. నేను మెస్సు పక్షాన లేచాను. కామెర్ల క్యారియరు, నేతి అన్న, దాచిపెట్టిన వడియాలు అన్నీ చెప్పి, ‘మనిషిని మనిషిగా చూసే చోటు మద్రాసులో అదొక్కటే’ అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

తమలపాకులు తుడుస్తున్న అమ్మ అటు తిరిగే అంది, “మీ నాన్నని లేపేశారు కదరా.”

ఎవరూ మాట్లాడలేదు. అమ్మ చెప్పింది. ఆ చుక్కలకి నాన్నకి దగ్గరివి ఏవీ సరిగ్గా ఆనలేదు. ఆకులో ఏది పచ్చడో ఏది కూరో తడుముకుని చూసుకున్నారు. కింద కట్టుడు పళ్ళు, తినడం మామూలుగానే నెమ్మది. వెనక నిలబడ్డ మనిషి కుర్చీ పట్టుకుని కదిలిస్తున్నాడు. పప్పన్నం సగంలో ఉండగానే దాని మీద రసం పోసేశారు. పెరుగు అడిగితే కప్పుకి డబ్బులవుతాయన్నారు. పెరుగు కోసం పక్కకి పెట్టుకున్న అన్నం అలా ఉండగానే ‘అయిందా పెద్దాయనా’ అని ఆకు మడిచేశారు. ఆయన చెయ్యి ఇంకా ఆకు మీదే ఉందట.

“నా పేరు చెప్పలేదా అమ్మా?”

“నేనూ అదే అడిగా. పేరు చెప్పి అన్నం అడుక్కోవడమేంటే అన్నారు. వాడికి చెప్పకు, వాడికా హోటలంటే ప్రాణం అన్నారు.”

బావ లేచి కిందికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి తర్వాత ఆయన మా ఇంట్లో గుండిగ పాట పాడలేదు.

నేను అప్పటికి హైదరాబాదు మారి మూడేళ్ళయింది. మరుసటి ఏడు ఆఫీసు పని మీద చెన్నై వెళ్ళినప్పుడు, ఈసారి పెద్దాయనని అడిగేయాలని నిర్ణయించుకుని మెస్సుకి వెళ్ళాను. మాటలు కూడా కూర్చుకున్నాను. ఆయన గల్లాపెట్టె దగ్గరే ఉన్నాడు, చిక్కిపోయి, స్వెట్టరు వేసుకుని. చెన్నైలో స్వెట్టరు. లెక్కంతా కొడుకు చూస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

“ఏంది సామీ, ఎట్టుండావు? ఆడ నీళ్ళు పడటం లేదా, నల్లబడ్డావే. కూర్చో కూర్చో.”

కుర్చీ వెనక నిలబడకుండానే నాకు కుర్చీ దొరికింది. ఎవరినో పక్కకి జరిపారు. ఎవరినో నేను చూడలేదు, అప్పటికింకా అలవాటు పోలేదు. నేతి అన్న వచ్చాడు, జుట్టంతా తెల్లబడింది. గరిటె నిశ్శబ్దంగా వచ్చి బోర్లా పడింది. పక్కన టంగుమంది.

అప్పుడు తిరిగి చూశాను. యాభై ఏళ్ళ మనిషి, ఊరి నుంచి వచ్చిందని తెలుస్తూనే ఉంది. ఆస్పత్రి ఫైలు పడిపోకుండా మోచేత్తో బల్లకి అదిమిపెట్టుకుని తింటోంది. ఆమె అన్నం మీద నెయ్యి మచ్చంత ఉంది. “అన్నా, నాకేసినట్టే ఆమెకీ వెయ్యి” అన్నాను. నేతి అన్న నా వంక వింతగా చూశాడు. మళ్ళీ ముంచి, నిండుగా వేశాడు. ఆమె కంగారుపడి ‘వద్దయ్యా, దీనికెంత?’ అంది. ఊరికేనమ్మా అన్నాడు. వెళుతూ నా చెవి దగ్గర వంగి చెప్పాడు.

“అందరికీ అట్టేస్తే పన్నెండుకే డబ్బా ఖాళీ అవద్ది సామీ. నీకు లెక్కలు తెలవందేముంది.”

తెలుసు. ఆ గోనెసంచి విప్పినవాణ్ణి నేనే. నా ఆకులో పడ్డ రెండో సగం ఎవరి ఆకులోంచి వెనక్కి వెళ్ళిందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు, మూడేళ్ళు తినీ కట్టలేదంతే. పెద్దాయనని ఏమీ అడగలేదు. కామెర్లప్పుడు క్యారియర్ పంపిన మనిషి ఆయనే, నాన్న ఆకు మడిచిన హాలూ ఆయనదే. రెండూ ఒకే గల్లాపెట్టె వెనక కూర్చుని చేశాడు. బిల్లు ఇవ్వబోతే తీసుకోలేదు. బలవంతాన అక్కడ పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత వార్తలన్నీ రూమ్మేటు ఫోన్లోనే. పెద్దాయన పోయాడని. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి ఏసీ హోటలుకి 18 శాతం, ఏసీ లేనిదానికి 12 శాతం పడినప్పుడు కొడుకు ఏసీ ఆలోచన మానుకున్నాడని, నవంబరులో రెండింటికీ 5 చేయగానే పెట్టించాడని. ఆడిటరు మంచివాడే దొరికాడు. 2019 వేసవిలో చెరువులన్నీ ఎండి, జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీళ్ళు తెచ్చినప్పుడు కొన్నాళ్ళు మధ్యాహ్నం భోజనం ఆపేశారని. అన్నం వండటానికి కాదు, గిన్నెలు తోమడానికి నీళ్ళు లేక. మా కండలేరు నుంచి కృష్ణా నీళ్ళు వస్తేగానీ చెన్నైకి నీళ్ళిచ్చే పూండి రిజర్వాయరు నిండదు కదా, ‘నెల్లూరోళ్ళ మెస్సుకి నెల్లూరు నీళ్ళే దిక్కు’ అని వాడు నవ్వాడు. మరుసటి ఏడు లాక్‌డౌన్. అదీ దాటిందన్నాడు. నేతి అన్న ఊరికి వెళ్ళిపోయాడట.

మొన్న టి.నగర్‌లో ఒక పెళ్ళికి వెళ్ళాం, నేనూ మా ఆవిడా. పెళ్ళి రాత్రికి. మధ్యాహ్నం ఎక్కడ తిందామంటే, ఆవిడే అంది, “పోదాం పదండి మీ మెస్సుకి. మీకు మనసు పీకుతోంది కదా.”

పాండీ బజారు గుర్తుపట్టలేకపోయాను. ఫుట్‌పాత్‌లు వెడల్పు చేసి, బెంచీలు వేసి, నడిచేవాళ్ళని మనుషులుగా లెక్కేసినట్టు ఉంది. మెస్సుకి అద్దాల తలుపు వచ్చింది. బయట పేరు రాసుకునే అమ్మాయి ఉంది, ఆరు నిమిషాలు ఆగమంది. నేను చెన్నైలో ఉన్నప్పటి సంగతులేవో చెప్పబోయాను. “మొత్తం ఎంతమంది సార్?” అని అడిగింది. ఇద్దరం.

లోపల చల్లగా ఉంది. కుర్చీలకి మెత్తలు. క్యాలెండరు ఉన్న చోట పెద్దాయన ఫోటో, దండతో. ఆకు అదే, అన్నం అదే, కందిపొడిలో మాత్రం వెల్లుల్లి కాస్త ముందుకొచ్చింది. యూనిఫాం వేసుకున్న కుర్రాడు ప్రతి ఆకు పక్కనా ఒక చిన్న స్టీలు కప్పు పెట్టుకుంటూ వెళ్ళాడు. అందులో కరిగిన నెయ్యి, ఒకటిన్నర చెంచా ఉంటుందేమో. నాకంతే, మా ఆవిడకంతే, మూల టేబుల్లో కర్ర పక్కన ఆనించి ఒక్కడే కూర్చున్న ముసలాయనకీ అంతే. కప్పు నుంచి కప్పుకి చూశాను, గీత గీసినట్టు ఒకటే మట్టం. ఇంకా కావాలంటే ఇరవై రూపాయలట, మెనూలోనే రాసుంది.

ఇదే కదా నేను కోరుకున్నది. నాన్న ఆ రోజు ఇలాంటి చోటికి వచ్చుంటే అన్నం పూర్తిగా తిని లేచేవారు. అయినా ఆ కప్పు చూస్తే నాకు ఒళ్ళు మండింది, ఎందుకు దాచుకోవాలి. ఎవరూ నన్ను గుర్తుపట్టలేదు. కొడుకు పలకరింపుగా నవ్వాడు, అందరికీ నవ్వుతున్నట్టే. కప్పు అన్నంలో ఒంపుకుని, అంచుకి అంటిన చుక్కని వేలితో తీసుకున్నాను.

మా ఆవిడ గోంగూరని ఫోను లైటు వేసి ఒకసారి పరిశీలించింది. తర్వాత లైటు ఆర్పి తినడం మొదలుపెట్టింది. పప్పు రెండోసారి అడిగింది. రసం విడిగా గ్లాసులో తెప్పించుకుంది. పెరుగులోకి మాగాయ వేయించుకుంది. “ఇప్పుడు బాగుందండీ ఇది” అంది. ఇరవై అయిదేళ్ళలో మా పార్టీకి పడిన మొదటి ఓటు, పార్టీయే లేకుండా పోయాక.

ఆవిడ భోజనం ముగించేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. మూల టేబులు ముసలాయన ఇంకా సాంబారులోనే ఉన్నాడు. నేను మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను, నా కుర్చీ వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని.